అజీజ్ వేసిన రెండో అతుకు

పటాన్‌చెరు వైపు వెళ్తే మీరు అజీజ్‌ను కలిసి తీరాల్సిందే. ముప్పై ఏళ్లుగా బొల్లారం మందుల కంపెనీల రియాక్టర్లకు వెల్డింగ్ చేస్తున్నాడు. ఆయన అతుకు చుక్క కారదని పేరు. ఆ పేరు వినే సంగారెడ్డి దగ్గరి ఒక కాలేజీ ల్యాబ్ వాళ్లు లోపలి గాలంతా పంపుతో తోడేసి వాడే ఓ స్టీలు డబ్బా చేయించుకున్నారు.

మూడు నెలలకు, ఆ ల్యాబులో పరిశోధన చేసే జోగిపేట అమ్మాయి శ్రీవాణి ఆయన షెడ్డుకు వచ్చింది. కళ్లు ఎర్రబడి ఉన్నాయి.

"డబ్బాల గాలి పూర్తిగ పోతలేదు చాచా. నేనే లోపల సక్కగ కడగలేదు, గా మురికికెల్లే గాలొస్తున్నదంటుండు సారు. సోమవారం నుంచి నా పని వేరేటోళ్లకిస్తడట."

"ఇంతకు దాంట్ల ఏం చేస్తరు బేటా?"

"ఆటమ్స్‌ని సల్లబరుస్తం."

"గింత దానికి ఫ్రిజ్ కొనుక్కోరాదు?"

ఏడుపులోనే నవ్వొచ్చింది శ్రీవాణికి. "ఫ్రిజ్‌ల పెట్టినా గవి తుపాకి గుండు లెక్క ఉరుకుతయ్. ఆరు దిక్కులకెల్లి లేజర్ వెలుగు కొట్టి ఉరుకుడు తగ్గిస్తం. గదే సల్లబడుడు. ఇగ బాగ వేడున్నయి బయటికి పోనిస్తం. సాసర్ల చాయ్ ఆవిరి పోయి సల్లారదా, గట్ల. జెర గాలి మిగిలినా వాటికి తాకి చెదరగొడ్తది. బయట లీకు లేదు. లోపల్నే ఏడనో గాలి దాక్కున్నది."

ఎక్కడ దాక్కుందో అజీజ్‌కు అప్పుడే తెలిసిపోయింది.

డ్రాయింగులో అతుకు లోపలివైపే ఉంది. రియాక్టర్లకు రెండు వైపులా వేసిన చెయ్యి ఊరుకోలేదు. గట్టిగా ఉంటుందని బయటివైపూ ఒకటి వేసి, ఆనవాలు లేకుండా పాలిష్ పట్టాడు. రెండు అతుకుల నడుమ చిక్కిన గాలి, లోపలి అతుకులోని కంటికి ఆనని సందుగుండా డబ్బాలోకి ఊరుతోంది. బయట ఎంత వెతికినా దొరకదు. ఆయన నోరు విప్పకపోతే ఎవరికీ తెలియదు.

అజీజ్ షెడ్డు తాళం చేతిలోకి తీసుకున్నాడు.

"తప్పు నీది కాదు బేటా. నాది. పా, సారు దగ్గరికి పోదాం."

"డ్రాయింగ్ చూడలేదా?" ల్యాబులో అంతా విని అన్నాడు ప్రొఫెసర్.

"చూసిన సార్. నాకే ఎక్కువ తెలుసనుకున్న."

లోపలి అతుకు తెగకుండా, బయటి అతుకుకు తన చేత్తోనే సన్నని రంధ్రాలు వేశాడు. చిక్కిన గాలి బయటికి పోయింది; ఆ రంధ్రాల గుండా లీకు జాడ పట్టుకుని, లోపలి అతుకులోని సందునూ పూడ్చాడు. వారానికి డబ్బా దారికొచ్చింది. శ్రీవాణి పని శ్రీవాణికే మిగిలింది. ల్యాబు వాళ్లు రెండో డబ్బా పుణేలో చేయించుకున్నారు.

బొల్లారంలో మందుల కంపెనీ సూపర్‌వైజర్ బాలప్ప నలుగురిలో అడిగాడు: "ఏంది భాయ్, నీ అతుకు కారిందట?"

"కారింది," అన్నాడు అజీజ్.

ఎవరూ పట్టుకోలేని తప్పది. మీరైతే ఏం చేసేవాళ్లు?