వద్దంటే మళ్ళీ అడుగు

ఆ రోజుల్లో బంటుమిల్లి చుట్టుపక్కల కంప్యూటర్‌ని చూసినవాళ్ళు లేరు. నేనూ ఒక్కసారే చూశాను, అదీ చెప్పులు బయట విడిచి, అద్దాల అవతల నుంచి. ఎమ్మెస్సీలో అట్టకార్డులకు చిల్లులు పొడిచి దానికి పని చెప్పడం ఒక పేపరుగా చదివానంతే. ఆ భాగ్యానికే, టెంపరరీ లెక్కల మాస్టారుగా అక్కడొక పల్లెలో చేరిన వారానికల్లా ఊరంతా నన్ను ‘కంప్యూటర్ మాస్టారు’ అనడం మొదలుపెట్టింది. నేనూ కాదనలేదు (లోలోపల మురిసిపోయాను, అబద్ధమెందుకు).

చేరిన కొత్తలో నలుగురైదుగురు పెద్దలు దారిలో ఆపి, భోజనానికి రమ్మని పిలిచారు. గుడివాడలో పెరిగినవాణ్ణి, మొదటి పిలుపుకే ఎగేసుకుని వెళ్తానా! “ఎందుకండీ, పర్లేదు” అన్నాను. రెండోసారి అడుగుతారని కాసేపు నిలబడ్డాను కూడా. వాళ్ళు “అలాగేనండి” అని వెళ్ళిపోయారు. ఆ తర్వాత ఆరు నెలలు ఒక్కరూ పిలవలేదు. అద్దె గదిలో, కిరసనాయిలు స్టవ్ మీద మాడ్చిన పప్పు, గోడకేసి చూస్తూ తినేవాణ్ణి. ఎదురింటి చేపల పులుసు వాసన వచ్చిన పూట నిజంగానే ఏడుపొచ్చేది. ఇక నావల్ల కాదని, సోమవారం రాజీనామా ఇచ్చేద్దామనుకున్నాను.

పోయేముందు ఇదొక్కటన్నా నేర్పుదామని, శనివారం ఆఖరి పీరియడ్‌లో ఆరో తరగతి పిల్లలకు కంప్యూటర్ ఆట పెట్టాను. రెండో బెంచీ అమ్మాయి యంత్రం. మిగతావాళ్ళు పాత శుభలేఖల వెనకాల ఒక్కో ఆజ్ఞ రాయాలి. రాసింది తప్ప యంత్రం ఇంకేమీ చెయ్యకూడదు. మొదట మంచినీళ్ళు తాగమని రాశారు. కుండ మూత తియ్యమని ఎవరూ రాయలేదు, ఆ పిల్ల మూత మీదే గ్లాసు పెట్టి ముంచబోయింది. క్లాసంతా పడీ పడీ నవ్వారు. తర్వాత ‘చుట్టాన్ని భోజనానికి పిలవడం’ రాయమన్నాను (మనసులో ఉన్నదే బయటికొస్తుంది మరి). మూడు కార్డులు రాశారు. భోజనానికి రమ్మను. వద్దంటే మళ్ళీ అడుగు. అప్పటికీ వద్దంటే చెయ్యి పట్టుకుని తీసుకురా.

చదివేసరికి నాకు ఒళ్ళు మండింది. మరి నన్ను మాత్రం మీ ఇళ్ళల్లో ఒక్కసారే అడిగి ఊరుకున్నారేమర్రా అని అడిగేశాను. నోరు జారాక సిగ్గేసింది.

యంత్రమే జవాబు చెప్పింది. “మీరు కంప్యూటర్ మాస్టారు కదండీ. కంప్యూటర్‌లాగే మీరూ ఒకసారి చెప్తే అదే మాటంట. రెండోసారి అడిగితే మీకు కోపమొస్తుందని మా నాన్న చెప్పాడండి.”

నవ్వాలో ఏడవాలో తెలీక కుర్చీలో కూలబడ్డాను. ఆ పిల్ల బల్ల మీది కార్డులు వరసగా సర్దుకుని, మొదటిది చూసి, “మా ఇంటికి భోజనానికి రండి మాస్టారూ” అంది. నా పాడు నోరు ఊరుకుంటేగా, “ఎందుకమ్మా, పర్లేదు” అన్నాను. ఆ పిల్ల రెండో కార్డు తీసి చదువుకుంది.

“రండి మాస్టారూ.”

మూడో కార్డు దాకా రానివ్వకుండా వస్తానన్నాను. ఆ ఊళ్ళో తొమ్మిదేళ్ళు ఉండిపోయాను.

ఇప్పుడు బందరులో ఒక్కణ్ణే ఉంటున్నాను. ఎప్పుడైనా ఎవరైనా ఫోన్ చేసి భోజనానికి రమ్మంటారు. ఎందుకులెండి, పర్లేదంటాను. వాళ్ళు సరేనండి అని పెట్టేస్తారు. ఇంత వయసొచ్చినా బుద్ధి రానందుకు నాలో నేనే నవ్వుకుని, ఫోన్ చేతిలోనే పట్టుకుని ఇంకాసేపు కూర్చుంటాను.