గంట విమానం, అంతకు మించిన ప్రార్థన

రేపల్లె రాహేలు టీచరుగారు జన్మలో ఎవరి మాటకూ అడ్డు తగల్లేదు. తల్లి పోయాక చెల్లెలు కరుణశ్రీని పెంచి, చదివించి, పెళ్లి చేశారు. తన పెళ్లి సంగతి ఆ హడావుడిలో వెనకబడిపోయింది. గురువారాలు వాళ్లింట్లో ప్రార్థన కూటం. సీమోను పాస్టరుగారు ఎంతసేపు ప్రార్థించినా, చల్లారిన టీ మళ్లీ వేడిచేసేవారే తప్ప కిక్కురుమనేవారు కాదు. ఊరు దాన్ని భక్తి అంది. నేను మొహమాటం అంటాను.

2006 వేసవిలో హైదరాబాదులో కరుణశ్రీకి గుండె ఆపరేషను. మర్నాడు చేస్తామన్న డాక్టర్లు ఆ సాయంత్రానికే ముందుకు జరిపారు. అక్క మొహం చూడందే లోపలికి వెళ్లనని ఆవిడ మొండికేసింది. రాత్రి రైలెక్కితే చేరేసరికి తెల్లారుతుంది. పక్కింటి రాజ్ కుమార్ గన్నవరం నుంచి మధ్యాహ్నం విమానానికి టికెట్ తీశాడు.

"బేగంపేట ఎంతండి పిన్నిగారూ! గాల్లో రెండొందల డెబ్బై కిలోమీటర్లు కూడా లేదు. గంటలో దిగుతారు."

"గంటేనా? రైలుకన్నట్టు పులిహోర కలిపేశానే!"

"తెనాలి దాటేలోపు తినెయ్యండి. గన్నవరం చేరడానికే విమానానికి రెండింతలు పడుద్ది."

నాగూర్ బాషా అద్దె కారు గుమ్మంలో ఆగింది. ప్రార్థన లేకుండా ఊరు దాటే ప్రయాణం మా పేటలో ఉండదు. ఎవరో కబురు పెట్టనే పెట్టారు. సీమోనుగారు వచ్చి, గదినిండా చేరిన పేటవాళ్ల మధ్య కళ్లు మూశారు. పైలట్ కోసం ప్రార్థించారు. రెక్కల కోసం, మబ్బుల కోసం ప్రార్థించారు. తర్వాత నోవహు ఓడ దగ్గరికి వెళ్లి, జంతువులను జతలు జతలుగా ఎక్కించడం మొదలుపెట్టారు.

బయట బాషా హారన్ కొట్టాడు. మళ్లీ కొట్టాడు.

"అమ్మా, ఓడ కాదు, విమానం! అది ఆగదమ్మా!"

ఓడలోకి ఇంకా ఏనుగులు ఎక్కలేదు. రాహేలుగారు ఒక కన్ను తెరిచి గడియారం చూశారు. గొంతెత్తి, "ఆమెన్!" అన్నారు.

అలవాటు గొప్పది. గదంతా ఒక్కసారిగా "ఆమెన్" అంది. ఆమెన్ పడ్డాక ఏ పాస్టరైనా ఏం చేస్తాడు? ఆయన కళ్లు తెరిచేసరికి ఆవిడ కారులో ఉన్నారు.

బాషా దారిలో ఎక్కడా ఆగలేదు. విమానాశ్రయంలో కౌంటరు మూయబోతుంటే చేరారు. గంట తర్వాత హైదరాబాదు.

"అప్పుడే ఎలా వచ్చావక్కా?" అంది స్ట్రెచర్ మీద కరుణశ్రీ.

"సగం ప్రార్థనతో వచ్చానే. ఇక నువ్వు లోపలికి పద."

ఆపరేషను బాగా జరిగింది. చెల్లెలు లేచి నడిచాక టీచరుగారు రేపల్లె తిరిగొచ్చారు, ఈసారి రైల్లోనే. ఆ గురువారం కూటానికి సీమోనుగారు కాస్త బిగుసుకునే వచ్చారు.

ఆవిడ టీ గిన్నె పొయ్యి మీద పెట్టి, కుర్చీ జరిపారు.

"కూర్చోండి అయ్యగారూ. ఏనుగుల దగ్గర ఆపాం కదా, అక్కణ్నుంచి కానివ్వండి. ఇవాళ నేనెక్కాల్సిందేం లేదు."