పలమనేరులో స్పీకర్ పలకని రోజు

నిరుడు ఏప్రిల్‌లో ఒక సోమవారం, పొద్దున ఐదు గంటల నలభై నిమిషాలకు, పలమనేరు దగ్గర ఒక పాల కేంద్రం నడిపే మస్తాన్ మిషన్ ఆన్ చేశాడు. తూకం వచ్చింది, ఫ్యాట్ తెర మీద కనిపించింది. వాటిని పైకి చదివే స్పీకర్ మాత్రం పలకలేదు.

నేను తిరుపతిలో ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో బిల్లింగ్ చూస్తాను. పాల కేంద్రాలకు తూకమూ ఫ్యాటూ నమోదు చేసే సాఫ్ట్‌వేర్‌ను నెలవారీ చందా మీద ఇస్తాం. చందాలో రకాలున్నాయి, వాటిని ప్లాన్లంటాం. ఏ ప్లాన్‌లో ఏ సదుపాయం ఎంతవరకు వాడుకోవచ్చో చెప్పేది ఎంటైటిల్‌మెంట్. ప్లాన్‌లో లేనిదాన్ని ఒక్క కస్టమర్‌కు మాత్రం తెరిచి ఇస్తే అది ఓవర్‌రైడ్. చూడటానికి తెర మీద ఒక చిన్న మీట, అంతే.

మస్తాన్‌కు ఆ మీట వేసింది రెడ్డెప్ప. చాలా ఏళ్లు నా పక్క కుర్చీలో పనిచేసిన మనిషి. ఆ ఫిబ్రవరిలో గుండెపోటుతో పోయాడు. కస్టమర్ ఫోన్ చేసి కష్టం చెప్పుకుంటే, "సరేలేప్పా, ఇప్పుడు సూడు" అని అప్పటికప్పుడు తెరిచేవాడు. ఎందుకిచ్చాడో రాసేవాడు కాదు. అడిగితే "నాకు గుర్తుండాది కదా" అనేవాడు. నిజంగానే గుర్తుండేది.

పాలు పోసే వేళకే తెరిచే మా ఆఫీసుకు ఆరు గంటలకు నేను చేరేసరికి ఫోన్ మోగుతోంది.

"రెడ్డెప్పన్నకియ్యి," అన్నాడు మస్తాన్.

"రెడ్డెప్ప చనిపోయినాడు భాయ్. ఫిబ్రవరిలో."

"నాకెవురూ చెప్పలేదే అక్కా," అన్నాడు. తర్వాత విషయం చెప్పాడు. పాలు తెచ్చే ఆడవాళ్లు క్యాన్లు దించడం లేదు. కొలత అందరి ముందూ పైకి వినిపించడం వాళ్లకు అలవాటు. ఒకప్పుడు ఫ్యాట్ మీద గొడవ జరిగితే, రెడ్డెప్ప స్పీకర్ తెరిచి దాన్ని చల్లార్చాడట.

"మిషన్ నోరు మూసిందంటే ఏదో తిరకాసుండాది అంటాండారు."

"ఈ రోజుకు నువ్వే పైకి చదువు భాయ్."

"నేను సదివితే ఎవురు నమ్ముతారక్కా? మిషనూ నాదే, నోరూ నాదే. రోడ్డవతల ఇంకో కేంద్రం కాసుకోనుండాది. ఇప్పటికే కొందరు ఆడికి పోయినారు. సాయంత్రం గూడా పలక్కపోతే అందరూ ఆడికే పోతారు. పోయినోళ్లు మళ్లీ రారు."

కారణం త్వరగానే దొరికింది. మస్తాన్ రెండో మిషన్ కొని, శనివారం పెద్ద ప్లాన్ అడిగాడు; అది ఆదివారం రాత్రి అమల్లోకి వచ్చింది. పెద్ద ప్లాన్‌లో చిన్నదాంట్లోవన్నీ ఉంటాయని మా సేల్స్ వాళ్లూ నమ్మారు. కానీ స్పీకర్ ఏ ప్లాన్‌లోనూ లేదు. ఓవర్‌రైడ్ పాత ప్లాన్‌కు అంటుకుని ఉంది. ప్లాన్ మారగానే ఊడిపోయింది.

"పెద్దది తీసుకుంటే ఉన్నది పోతాదా? ఇదేం న్యాయం?" అన్నాడు మస్తాన్, ఫోన్ చేసి ఇది చెప్తే.

ఓవర్‌రైడ్ నేను పెట్టగలను, ఆమోదం ఇంకొకరివ్వాలి. ఆ అధికారం ఇద్దరికే ఉండేది. ఒకరు రెడ్డెప్ప. రెండోవారు మా మేనేజరు. ఆయన ఆ తెల్లవారుజామునే అలిపిరి మెట్లెక్కాడు. దర్శనానికి ముందు ఫోన్ అప్పజెప్పేశాడు.

రెడ్డెప్ప లాగిన్ ఇంకా తీసేయలేదు. పాస్‌వర్డ్ నాకు తెలుసు, ఆయనే గదంతా వినబడేలా చెప్పేవాడు. మధ్యాహ్నం ఆయన పేరు టైప్ చేశాను. చెరిపాను. మేనేజరుకు ఫోన్ చేశాను, స్విచాఫ్. లేచి కిటికీదాకా వెళ్లి వచ్చి మళ్లీ టైప్ చేశాను. నొక్కితే మస్తాన్ పని అయిపోతుంది. రెడ్డెప్ప ఈ రోజు ఆమోదించాడని రికార్డులో ఉంటుంది. అన్నం డబ్బా తెరవలేదు. పేరు చెరిపేసి ఆ పేజీ మూశాను.

మస్తాన్ మళ్లీ ఫోన్ చేశాడు. "మీ మేనేజరు సామి దగ్గరుండాడంటావు. నేనేమన్నా దర్గాకు పోయి మొక్కుకోవాల్నా?"

"మొక్కుకో భాయ్. ఇద్దరిలో ఎవరో ఒకరు వింటారు."

సాయంత్రం పాలు పోసే వేళ దగ్గరపడ్డాక మేనేజరు ఫోన్ చేశాడు. "ఏంది మేడం ఇన్ని మిస్డ్ కాల్స్? లడ్డూ క్యూలో ఉండాను."

చెప్పాను. నేను పెట్టిన ఓవర్‌రైడ్‌ను ఫోన్‌లోనే తెరిచి చూశాడు. "కారణం ఏమని పెడదాం?"

"యజమాని చదివితే పాలు పోసేవాళ్లు నమ్మరు. అంతే రాయండి సార్."

క్యూలో నిలబడే ఆమోదించాడు. కాసేపటికి మస్తాన్ ఫోన్‌ను స్పీకర్ దగ్గర పెట్టాడు. ఆరు లీటర్లు, ఫ్యాట్ నాలుగు పాయింట్ రెండు అని మిషన్ పలికింది. వెనక ఎవరో ఆడమనిషి, "ఇప్పుడు పలుకుతాండాది, దించండమ్మా," అంది. పొద్దున రోడ్డు దాటినవాళ్లలో కొందరు మాత్రం తిరిగి రాలేదు.

తర్వాతి వారాల్లో రెడ్డెప్ప ఇచ్చిన ఓవర్‌రైడ్లున్న ప్రతి కస్టమర్‌కూ ఫోన్ చేసి, అది ఎందుకు ఇచ్చారో అడిగాను. చాలామంది చెప్పారు. కొందరికి వాళ్లకే గుర్తులేదు. ఒకరికి ప్రత్యేకంగా ఇచ్చిన హక్కుకు కారణం, ఇచ్చిన మనిషితోపాటు పోకూడదని అప్పుడు తెలిసింది. స్పీకర్‌ను అన్ని ప్లాన్లలోనూ చేర్చాం. రెడ్డెప్ప లాగిన్ తీసేశారు. కస్టమర్ మాట విని ఫోన్‌లోనే సదుపాయం తెరిచి ఇవ్వడం మా ఆఫీసులో ఇప్పుడు లేదు.