పొంగిన మొదటి కిలో

నాచారంలోని మా చిన్న షెడ్డుకు కొత్త స్టీలు పాత్ర దిగిన రోజు నా కాళ్లు నేల మీద ఆగలేదు. హైడ్రోజన్‌తో కరెంటు పుట్టించే ఫ్యూయల్ సెల్‌కు ఉత్ప్రేరకం కావాలి. ప్లాటినం పట్టించిన నల్లటి కార్బన్ పొడి అది. అప్పటిదాకా గాజు బీకరులో చెంచాడు చెంచాడుగా చేసేదాన్ని. ఉప్పల్‌లోని ల్యాబు వాళ్లకు నచ్చి, ఏకంగా కిలో అడిగారు.

"ఇది గాకుంటే మళ్ల పెయింట్ల పనికే పోదాం" అని ఓనరు ముందే తేల్చేశాడు. ఏళ్ల తరబడి పట్టుకు వేలాడిన పని నాది. అది పోతే ఏమైపోతానో నాకే తెలియదు.

పాత్రకు పసుపు, కుంకుమ బొట్లు, బంతిపూల దండ. దీపం మాత్రం వద్దన్నాను, మందు కలపగానే హైడ్రోజన్ గ్యాసు లేస్తుంది, అంటుకుంటుందని. ఓనరు మొహం మాడ్చుకున్నాడు.

"దీపం లేకుంట పూజేందమ్మా? గిట్లెక్కడన్న ఉంటదా?"

"మరి షెడ్డు ఉండాలా వద్దా సార్?" అన్నాను.

కార్బన్, ప్లాటినం ద్రావణం పాత్రలో గిరగిరా తిరుగుతున్నాయి. ప్లాటినాన్ని కార్బన్‌కు పట్టించే చివరి మందును, బీకరులో పోసే అలవాటు కొద్దీ ఒక్కసారే పోసేశాను. పెద్ద పాత్రలో గ్యాసు ఎంత లేస్తుందో ఆ సంబరంలో ఎవరికి గుర్తుంటుంది! నల్లటి నురగ బుసబుసా లేచి అంచు దాటింది.

"పొంగింది! పొంగింది!" అంటూ ఓనరు చప్పట్లు కొట్టాడు. గృహప్రవేశంలో పాలు పొంగినట్టు షెడ్డులో పనివాళ్లందరూ దండాలు పెడుతున్నారు. అయ్యో రామా, నా చేతులూ జోడించుకున్నాయి! అప్పుడు వెలిగింది నా బుర్ర.

"పోయేది ప్లాటినం! ట్రేలు పట్టండి!"

ఇక చూడాలి మా తిప్పలు. కడిగిన ట్రేలు, బకెట్లు పట్టుకుని పాత్ర చుట్టూ ఉరుకులు. ఓనరు తన టిఫిన్ డబ్బా పట్టుకొచ్చాడు. "అది వద్దు సార్, పప్పు అంటుకుంది!" మొహాలు నల్లబడ్డాయి, పళ్లొక్కటే తెల్లగా మెరుస్తున్నాయి. భయంతో చస్తున్నా నవ్వు ఆగదే!

దక్కినదంతా వడగట్టి, కడిగి, ఆరబెట్టి పంపాం. కిలోకు కాస్త తక్కువే. ల్యాబు నుంచి ఫోను వచ్చేదాకా నాకు అన్నం సహించలేదు.

"మేడమ్, మీ బీకరు సరుకు లెక్కనే మస్తు పనిచేస్తుంది. పది కిలోలు చేస్తరా?"

"చేస్తాం!" ఎవరినీ అడక్కుండానే అరిచేశాను.

ఓనరు నన్ను చూశాడు, షెడ్డును చూశాడు. "యాడ జేస్తవ్ తల్లీ, నా నెత్తి మీదనా?"

అని వెంటనే లోపలికి తిరిగి కేకేశాడు. "ఏయ్, ఆ పెయింట్ డ్రమ్ములన్నీ బయట పెట్టున్రి! జాగ గావాలె!"