అమ్మ వడ్లు, మా ఆయన ట్రాక్టర్లు

మా ఆయనకు పాత ట్రాక్టర్ల పిచ్చి. పేకాట పిచ్చి ఉన్నవాళ్ళను చూశాను, నాటకాల పిచ్చి ఉన్నవాళ్ళను చూశాను. చచ్చిపోయిన ట్రాక్టర్లను ఇంటికి తెచ్చుకునే మనిషి మాత్రం నా ఖర్మ కొద్దీ నాకే దొరికాడు. మాది చీపురుపల్లి దగ్గర ఒక చిన్న ఊరు. అవి అరవైల చివరి రోజులు. చుట్టుపక్కల ఊళ్ళలో నడిచే ట్రాక్టరు కనబడటమే అరుదు. మా దొడ్లో మాత్రం నడవనివి మూడు ఉండేవి.

మొదటిది బొబ్బిలి వైపు ఒక పెద్ద రైతు పశువులశాల వెనక ఎన్నాళ్ళుగానో పడి ఉందట. అడిగితే, ఆ జాగా ఖాళీ అయితే చాలన్నాడట ఆయన. దాన్ని మా ఎడ్ల జతే రెండు రోజులు లాగి ఇంటికి చేర్చింది. ఎడ్లకు నోట నురగలు, మా ఆయనకు మొహం నిండా నవ్వు. వీధి వీధంతా చూడటానికి వచ్చింది.

"మోటారొస్తే ఎడ్లకి పనుండదన్నావు గదరా! ఇదేటి, ఎడ్లకి రెండింతల పనయ్యింది?" అన్నాడు పక్కింటి తాత.

అందరూ పడీ పడీ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. నా నోరు అప్పట్లో మంచి నోరు కాదు. "ఈ ఇనప గొడ్డుకి కుడితి నాను పెట్టాలా, నువ్వు పెడతావా, బావా?" అని అందరి ముందే అడిగేశాను. ఆయన మా మేనమామ కొడుకు, చిన్నప్పటి నుంచీ నా తిట్లు తిని పెరిగినవాడే. "నువ్వే పెట్టే, నీ సెయ్యి సల్లనిది" అన్నాడు.

రెండోది వచ్చినప్పుడు నాలుగు రోజులు మాట్లాడలేదు. ఆయనతోపాటు అన్నానికి కూర్చోలేదు. ఆయన చేతులకు పట్టిన మడ్డి ఎంత తోమినా పోయేది కాదు. కంచం అంచున నల్లటి వేలిముద్రలు ఉండేవి. వాటిని బూడిదతో రుద్దుతూ తిట్టేదాన్ని. ఆయన ఆ రెండింటినీ విప్పి, ఒకదానిది ఒకదానికి తగిలించి, మళ్ళీ విప్పేవాడు. రెండూ ఉలకలేదు, పలకలేదు. మొదటిదాని ఇంజను మూత కింద పిచ్చుకలు గూడు పెట్టాయి.

అంతలో మా అమ్మ పోయింది. మూడు రోజుల జ్వరం. కబురు అంది నేను వెళ్ళేసరికి అంతా అయిపోయింది.

అప్పటి నుంచి నాకు కోపం రావడం మానేసింది. ఏడుపూ రాలేదు. వచ్చినవాళ్ళంతా నన్ను పట్టుకుని ఏడుస్తుంటే వాళ్ళ కొంగులు తడిసిపోయాయి, నా కళ్ళు మాత్రం పొడిగానే ఉన్నాయి. వండాను, వడ్డించాను, పేడ తీశాను. ఎవరేం అడిగినా "సరే", లేకపోతే "నీ ఇష్టం". మూడో ట్రాక్టరు వచ్చిన రోజు ఆయన గుమ్మంలో నిలబడి నా మొహంకేసి చాలాసేపు చూశాడు. తిడతానని చూశాడు కాబోలు. నేను ఎడ్లకు గడ్డి వేసి లోపలికి వెళ్ళిపోయాను.

ఇక్కడ వడ్ల సంగతి చెప్పాలి. మా అమ్మ ఊరు కళింగపట్నానికి కాస్త ఎగువన. వంశధార పొంగితే మునిగే పల్లపు భూములు. నాలుగు రోజులు నీళ్ళలో ఉన్నా కుళ్ళని ఎర్రవడ్లు అక్కడ పండేవి. మొలక లేచేటప్పుడు మొదలు కుంకుమ రాసినట్టు ఎర్రగా ఉంటుంది, దాన్ని బట్టి గుర్తు పట్టేస్తాం. నేను కాపురానికి వచ్చేటప్పుడు అమ్మ ఒక కుంచెడు మూటకట్టి ఒళ్ళో పెట్టింది. "అమ్మ వడ్లు" అనేవాళ్ళం మా ఇంట్లో. ఇంటి వెనక చిన్న మడిలో ఏటా అవే వేసి, కొత్త విత్తనం కుండలో పోసి మూతికి పేడ మెత్తేదాన్ని. ఏ ఏడైనా నాకు మొలక సరిగ్గా రాకపోతే అమ్మ తన దగ్గరివి పంపేది. అమ్మ పోయాక ఆ పొలం ఇంకెవరో చేశారు, కొత్తగా వచ్చిన పొట్టి వరి వేసేశారు. అంటే ఆ విత్తనం మిగిలింది నా మడిలోనే. అది నాకు తెలుసు. తెలిసి కూడా నాకేమీ అనిపించలేదు.

ఆ ఏడు కోతల్లో అమ్మ వడ్ల మొదటి గుప్పెడు కంకులతో అలవాటు ప్రకారం పిచ్చుకల కోసం కుచ్చు అల్లాను. దాన్ని ఎప్పుడూ చూరుకు కడతాం. ఆయన నా చేతిలోంచి తీసుకుపోయి మొదటి ట్రాక్టరు స్టీరింగుకు కట్టాడు.

"పిట్టలు ఇందులోనే కాపురముంతన్నాయి గదే. ఇంటికాడే తింతాయి" అన్నాడు.

ఇంకో ఏడైతే ఆ కుచ్చు లాక్కుని దాంతోనే ఆయన వీపు మీద ఒక్కటి వేసేదాన్ని. "సరే" అన్నాను.

కోతలయ్యాక మూడో ట్రాక్టరు లేచింది. పొగ కక్కుతూ, ఊరు అదిరిపోయేట్టు మొత్తుకుంటూ లేచింది. ఆయన కళ్ళు తుడుచుకోవడం చూశాను. దాంతో కళ్ళంలో నూర్పు చేస్తానన్నాడు. సరిగ్గా అక్కడే ఆయనకు ఒక ముచ్చట పుట్టింది.

"అత్త వొడ్లతో బోణీ సేస్తానే. అత్త పోనాక మనింట్లో మొదటి మంచి ఇదే. ఏటంతావు?"

విత్తనం పనలను మేం ఎడ్లతో తొక్కించం. గింజ నలుగుతుందని దుంగ మీద చేత్తో కొట్టి రాలుస్తాం. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కానీ మా అమ్మంటే ఆయనకు ప్రాణం, మేనత్త గదా. ఆ సంతోషంలో ఆ నియమం ఆయనకు అడ్డం రాలేదు. నాకు రావలసింది. పైగా ముందురోజు ఆ బండి కింద నేల తడిగా, నల్లగా ఉండటం నేను కళ్ళారా చూశాను. అది తాగే కిరసనాయిలు వాసన కూడా తగిలింది. ఒక్క మాట అంటే సరిపోయేది.

"నీ ఇష్టం" అన్నాను.

నా పనలు కళ్ళంలో పరిచి వాటి మీద ట్రాక్టరు తిప్పాడు. మూడో చుట్టులో కిరసనాయిలు గొట్టం ఊడిపోయింది. ఆయన దిగి బొటనవేలు అడ్డం పెట్టేలోపు టాంకీలో ఉన్నదంతా వడ్ల మీదే పడింది. ఆయన మోకాళ్ళ మీద కూలబడి రెండు చేతులతో వడ్లు పక్కకు తోసుకుంటూ, "ఓలమ్మో, ఓలమ్మో" అంటున్నాడు. నేను గట్టు మీద నిలబడి ఉన్నాను. అన్నానికి వేళవుతోందని మాత్రం తోచింది.

ఆ వడ్లను ఆయన కుంకుడు రసంలో కడిగాడు, ఆడపిల్ల తల రుద్దినట్టు. బూడిద కలిపి మళ్ళీ కడిగాడు. ఎండబోశాడు. వాసన పోయిందనుకునేవాడు, ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ తొట్టిలో పోసేవాడు. చివరికి నేను ఒక గుప్పెడు తడిగుడ్డలో మూటకట్టి గడ్డి కింద పెట్టాను. మూడో రోజుకు తెల్లగా ముక్కు పగలాలి. ఐదో రోజున విప్పాను. ఒక్కటి కూడా పగల్లేదు. ఆయన నా వెనకే నిలబడ్డాడు.

"ఏదోటి అనవే" అన్నాడు.

"ఏటనాల?" అన్నాను.

అప్పుడు స్టీరింగు మీది కుచ్చు గుర్తొచ్చి వెళ్ళి చూశాను. పిచ్చుకలు ఒక్క గింజ వదల్లేదు. వట్టి గడ్డి వేలాడుతోంది. దాన్ని విప్పి ఎడ్లకు వేసేశాను.

ఆ తర్వాత ఆయన ట్రాక్టర్ల దగ్గరికి వెళ్ళడం మానేశాడు. చేతుల మడ్డి మెల్లగా పోయింది. కంచాలు శుభ్రంగా ఉండేవి. వేసవి అలా గడిచింది. రెండు పెద్ద వానలు పడ్డాయి. ఏరువాక ఇంకో వారముందనగా విజయనగరం నుంచి పాత ఇనుము కొనేవాడు వచ్చాడు. మూడూ ఇచ్చేస్తున్నానని ఆయన వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చి చెప్పాడు.

"నీకోసమేనే. నీ కంటికి అవి అగుపడకూడదు."

"సరే" అన్నాను.

లారీ మా సందులోకి రాదు, రోడ్డు మీద ఆగింది. మొదటి ట్రాక్టరును లాగడానికి మళ్ళీ ఆ ఎడ్లే. నేను నూతి దగ్గర అంట్లు తోముతున్నాను. అది కీచుమంటూ నా పక్కనుంచే పోయింది. తల ఎత్తాను. సీటు పక్కన పనిముట్లు పెట్టుకునే పెట్టె ఒకటి ఉండేది, మూత ఎప్పుడో పోయింది. దుమ్ము, ఆకులు, పిచ్చుకల రెట్ట పడి సగం పూడిపోయింది. అందులోంచి పచ్చగా ఏదో ఊగుతోంది. గడ్డి కాబోలనుకున్నాను. మొదలు చూశాను. ఎర్రగా ఉంది.

చేతిలో గిన్నె ఎక్కడ పడిందో తెలీదు. బూడిద చేతులతో, పమిట జారిపోతున్నా చూసుకోకుండా పరుగెత్తాను.

"ఆగండి! హో! హోయ్!"

ఆయన ఆగలేదు, ఎడ్లు ఆగాయి. రోజూ గడ్డి వేసే గొంతు వాటికి తెలుసు. ఊళ్ళో జనం అరుగుల మీంచి లేచి నిలబడ్డారు. ట్రాక్టరు మీద నాకు అంత మమకారం ఉందని వాళ్ళెవరూ అనుకోలేదు పాపం.

ఆయన వెనక్కి వచ్చి పెట్టెలోకి చూశాడు. పదకొండు మొక్కలు. పిచ్చుకలు తింటూ జార్చిన గింజలు. ఆయన వేలితో ఒక మొదలు ముట్టుకున్నాడు.

"అత్త వొడ్లే" అన్నాడు.

అంతే, నాకు ఏడుపు వచ్చేసింది. ఏడాది పాటు రానిదంతా ఆ రోడ్డు మీద, అంతమంది ముందు వచ్చింది. మా అమ్మ లేదని నాకు అప్పుడే తెలిసినట్టయింది. ఏడుస్తూనే తిట్టడం మొదలుపెట్టాను. "నీ ట్రాక్టర్లు మండా! విత్తనం కళ్ళంలో ఏస్తాడేటి ఎవుడైనా? నీకు బుద్ధి నేదా, బావా? నానైనా కాదనాల గదా? నా నోరేటి పడిపోనాదా?" నోటికొచ్చిందల్లా అన్నాను. ఇనుము కొనేవాడు రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆయన నన్ను ఆపలేదు. కళ్ళమ్మట నీళ్ళు కారిపోతున్నాయి, మొహం మాత్రం నవ్వుతోంది.

"తిట్టే. ఇంకా తిట్టు. ఏడాదయ్యింది నీ నోట మాట ఇని" అన్నాడు.

మిగిలిన రెండూ ఆ లారీలో వెళ్ళిపోయాయి. మొదటిదాన్ని మాత్రం మా ఎడ్లు వెనక్కి తిరిగి దొడ్లోకి లాక్కొచ్చాయి.