ఎలుగుబంటి బొమ్మ చేయని నేరం

మా ఇంట్లో అందరూ చెప్పే కథ ఒకటుంది. కువైట్ నుంచి వచ్చిన మాట్లాడే బొమ్మ మా మరిది కూతురి చెవులు పోగొట్టిందట. గట్టిగా మోగే బొమ్మను పిల్ల పొద్దస్తమానం చెంపకు ఆనించుకుని కూర్చుంటే, తల్లి వద్దనలేదట. అందుకే చెవులు దెబ్బతిన్నాయట. బంధువుల పెళ్లిళ్లలో కూడా ఇదే చెప్పుకుంటారు. ఇది అబద్ధం. అబద్ధమని నాకొక్కదానికే తెలుసు. అసలు నిజం ఆరేళ్లుగా తెలుసు. ఈ ఆరేళ్లూ ఆ బరువు లోపల పెట్టుకునే వంట చేశాను, నోములు నోచాను, ఇంట్లో ప్రతి వాదనా గెలిచాను.

నా పేరు రాయను. రాయకపోయినా మావాళ్లు చదివితే గుర్తుపడతారు. పట్టనీ.

మాది ఆత్మకూరు. ముందు స్టీలు సామాన్ల అంగడి, వెనక ఇల్లు. కోడళ్లలో బీయస్సీ చదివినదాన్ని నేనొక్కదాన్నే. అందుకని అట్టపెట్టె మీద ఇంగ్లీషు రాతలతో ఏది వచ్చినా, మిక్సీ కానీ మందుసీసా కానీ, ముందు నా చేతికి వచ్చేది. నేను చదివి చెప్పిందే తీర్పు. అది నాకు శానా ఇష్టంగా ఉండేది. ఇప్పుడు దాచి ఏం లాభం?

నా తోటికోడలు సుజాతది రాజంపేట. ఆమె కూతుర్ని పుట్టినప్పటి నుంచీ మేం ఒక విషయంలో తెగ మెచ్చుకున్నాం. పిల్లకు మూడో నెలలో, ఉయ్యాల పక్కనే బిందెల దొంతర కూలింది. వీధిలో పోయేవాళ్లు ఆగి చూశారు. పిల్ల నిద్ర లేవలేదు. "అంగడి బిడ్డమ్మా ఇది! సప్పుడుకు బెదిరేది మా రక్తంలోనే లేదు" అని మా అత్త వచ్చినవాళ్లందరికీ చెప్పేది. మేమూ నవ్వేవాళ్లం. రెండేళ్లు దాటినా మాట రాకపోయేసరికి అత్తే వసకొమ్ము అరగదీసి నాలుకకు రాసింది. అందరం ఆ నాలుక మీదే పడ్డాం. చెవి సంగతి ఒక్కరికీ తోచలేదు.

అప్పుడు, కువైట్‌లో పనిచేసే సుజాత తమ్ముడు ఆ ఎలుగుబంటి బొమ్మను తెచ్చాడు. పొట్ట నొక్కితే బుగ్గల్లో ఎర్రలైట్లు వెలుగుతాయి, ఏబీసీడీలు చెబుతుంది, పాట పాడుతుంది. పాడేటప్పుడు దాని ఒళ్లంతా అదురుతుంది. పిల్ల దాన్ని వదిలితే ఒట్టు.

"చూడక్కా, ఎట్ల వింటాండాదో! ఇంక నాలుగు దినాల్లో మాటలొస్తాయి" అంది సుజాత.

"అది వాగుతాది, అంతే. బిడ్డ ఏమన్నా దానికి బదులు చెప్పను చాతకాదు. మనిషి దగ్గర నేర్చుకోవాల్సింది బ్యాటరీ దగ్గర నేర్చుకుంటాదా? నువ్వు కాళ్లు చాపుకొని టీవీ చూసేదానికి బిడ్డను దానికి అప్పజెప్పినావు."

"మా తమ్ముడు తెచ్చినాడంటేనే నీకు గిట్టదులే అక్కా. నీ తమ్ముడు తెచ్చుంటే హారతి ఇచ్చేదానివి."

మా అత్త విసుక్కుంది. "ఏమ్మే పెద్దదానా, సదువుకున్నదానివి కదా. ఈ బొమ్మ బిడ్డకు పనికొస్తాదా, రాదా, నువ్వే తేల్చు. రేపు సాయంత్రానికి చెప్పు. ఈ రచ్చ నాకొద్దు."

మరుసటి రోజు పెట్టె చదివాను. మూడేళ్లు దాటిన పిల్లలకని ఉంది. అది నాకు చాల్లేదు. బిడ్డ దాని మాటలు అసలు పట్టించుకోదని, కాలేజీ ల్యాబులో చేసినట్టు పరీక్ష పెట్టి చూపించాలనుకున్నాను. మధ్యాహ్నం సుజాత అంగట్లో ఉంది. పిల్ల నాకు వీపు పెట్టి గిన్నెల మూతలు పేర్చుకుంటోంది. వెనక నిలబడి బొమ్మ పొట్ట నొక్కాను. తిరగలేదు. ఆటలో ఉందేమో అనుకుని తలకు జానెడు దూరంలో పెట్టి నొక్కాను. తిరగలేదు. పేరు పెట్టి పిలిచాను. అరిచాను. చివరికి ఒక పళ్లెం తీసి బండల మీదికి విసిరాను. పక్కింటామె "ఏమైందమ్మా?" అని గోడ అవతలి నుంచి కేకేసింది. పిల్ల మూత మీద ఇంకో మూత పెట్టుకుంది. అప్పుడు అదురుతున్న ఆ బొమ్మను మెల్లగా పిల్ల వీపుకు తాకించాను. చటుక్కున తిరిగి, నవ్వి, లాక్కుని చెంపకు ఆనించుకుంది. పాట కోసం కాదు. ఆ అదురు కోసం.

నాకు అనుమానం వచ్చిందని రాయబోయి ఆగాను. అనుమానం కాదు. తెలిసింది. బొమ్మ ఇంటికొచ్చి అప్పటికి వారం కూడా కాలేదు.

సాయంత్రం అందరూ కూర్చున్నారు. నేనేం చెప్పాను? "ఈ బొమ్మ పనికిరాదు. దీనివల్లే బిడ్డకు మాటలు రావడం లేదు. తీసెయ్యండి." అంతే. సుజాత ఏడ్చింది. మరిది బొమ్మను అటక మీద పడేశాడు.

ఎందుకు చెప్పలేదు? ఆ మాట నా నోటి నుంచి వస్తే అశుభం పలికిందని తిడతారని భయపడ్డానని నాకు నేనే చాలాకాలం చెప్పుకున్నాను. కొంత నిజమే. కానీ పిల్లకు వినబడదంటే బొమ్మ తప్పేమీ లేదని ఒప్పుకోవాలి, అలా ఒప్పుకుంటే ముందురోజు సుజాతను అన్న మాటలన్నీ అందరి ముందూ వెనక్కి తీసుకోవాలి, అది నాతో కాలేదు. రేపు చెబుదాంలే అనుకున్నాను. రేపు వచ్చాక, నిన్న ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? నెల గడిచాక? ఆర్నెల్లు గడిచాక?

ఏడాదిన్నర పోయింది. బడిలో చేర్చబోతే, చెవులు చూపించండని అక్కడి టీచరు చెప్పింది. కర్నూలుకు నేనూ తోడు వెళ్లాను. ఎప్పటి నుంచి వినబడటం లేదో ఇప్పుడు తేల్చలేనన్నాడు డాక్టరు. ఇంట్లో ఎవరికీ అనుమానం రాలేదా అని అడిగాడు. సుజాత నా వైపు చూసింది. నేను తల అడ్డంగా ఊపాను. బొమ్మ సంగతి సుజాతే చెప్పింది. గట్టి శబ్దాలు చెవికి మంచివి కావమ్మా అన్నాడాయన. ఆమెకు అది చాలింది. అప్పటి నుంచీ తమ్ముడితో మాటల్లేవు. "అక్క చెప్తానే ఉండె, నేనే ఇనలేదు" అని ఈ రోజుకీ అందరితో అంటుంది. నన్ను మెచ్చుకుంటూ అంటుంది. నేను పక్కనే ఉంటాను.

సుజాతా, నువ్వు ఇది చదువుతుంటే విను. నీ తమ్ముడి తప్పు లేదు. నీ తప్పు లేదు. నాకు తెలుసు, చెప్పలేదు. క్షమించమని అడగను, నేనైతే క్షమించను కాబట్టి. కానీ ఈ రెండు ముక్కలు రాశాక, ఇన్నేళ్లకు ఊపిరి లోపలిదాకా అందింది.

పిల్లకు ఇప్పుడు తొమ్మిదో ఏడు. చెవికి మెషిన్ ఉంది. కొన్ని మాటలు మాకు అర్థమవుతాయి, కొన్ని వాళ్లమ్మకే. మెషిన్ చూపించడానికి కర్నూలు పోయినప్పుడల్లా ఆ డాక్టరు ఎదురుగా కూర్చుంటాను. ఒక ప్రశ్న నోటిదాకా వస్తుంది. అడిగితే, నీకు ముందే తెలుసా అంటాడేమోనని మింగేస్తాను. ఆయనను అడగలేనిది మిమ్మల్ని అడుగుతున్నాను. ఆ సాయంత్రమే చెప్పి ఉంటే, ఆ పిల్ల ఇప్పుడు ఎట్లా మాట్లాడేది?