కోయిలకుంట్ల దారిలో లేత అనపగింజల కోసం

కర్నూలు రాజధానిగా ఉన్న రోజుల్లో నేను అక్కడి కాలేజీలో మొక్కల పెరుగుదల మీద పరిశోధన చేస్తున్నాను. అనపకాయను పెంచేది లోపలి లేత గింజేనని మా మాస్టారి నమ్మకం. ఆ గింజ తనలో హార్మోను తయారుచేసి, చుట్టూ ఉన్న కాయను ఎదిగేలా చేస్తుందట. అదెలా తయారవుతుందో చూడాలంటే అప్పుడే కోసిన లేత గింజలు కావాలి. అందుకే మార్గశిరంలో ఒకరోజు ఐసు నింపిన ఫ్లాస్కుతో పొద్దున్నే కోయిలకుంట్ల బస్సెక్కాను. టిక్కెట్టు రూపాయి పైచిల్లర, దుమ్ము మాత్రం ఉచితం.

ఎండెక్కాక దిగి, చేల దాకా ఎద్దులబండి మాట్లాడుకున్నాను. బండి తోలే మస్తాను నా ఫ్లాస్కు చూసి నవ్వాడు. “అనపకాయలకా ఇంత దూరం? పితికిపప్పు మీద శానా మనసైనట్టుండాదే.” తొక్క పితికిన అనపగింజలతో వండే కూర కోసం వచ్చాననుకున్నాడు. కాసేపటికి తనే, “కార్తీకంలో చినుకు పడలేదప్పా. యాడ దొరుకుతాయో ఏమో,” అన్నాడు. దారి పొడుగునా నల్లరేగడి నెర్రెలిచ్చి ఉంది. నాకు దిగులు పట్టుకుంది.

చేను నాగమ్మది. భర్త పోయాక ఒంటరిగా సేద్యం చేస్తోంది. ఏడాది తిండీ, మళ్ళీ వేసే విత్తనమూ ఆ చేలోంచే రావాలి. “ఈడ కూచోని తిన్నంత తినప్పా, మూట మాత్రం కట్టొద్దు,” అంది. చేలో తినేవాడికి అడ్డులేదు, మోసుకుపోవడమే తప్పు. అక్కడి కట్టుబాటు అది. అయితే తినడానికైనా ఏముంది? నేను ఒలిచిన ప్రతి కాయా పల్చగా, చిన్నగా ఆగిపోయింది. లోపల గింజ నల్లబడి చచ్చిపోయింది.

“పూత బాగనే వచ్చిండె. కాయ ఎందుకు ఊరలేదప్పా?” అని అడిగింది.

“కాయను పెంచే మందు గింజలోనే తయారవుతుందమ్మా. గింజ చచ్చిపోతే కాయ ఆగిపోతుంది.”

“ఆ మందు నీకాడ ఉండాదా? తెచ్చి చల్లితే?”

ఉంది. కాలేజీలో సీసాలో ఉంది. “చల్లితే కాయ పెరగొచ్చు. గింజ మాత్రం రాదమ్మా.”

ఆమె నా మొహంలోకి చూసింది. “ఉత్త తొక్కలేం జేసుకుందునప్పా,” అని లేచి, గట్టున కట్టేసిన ఎద్దులను విప్పి, పైరు మేయడానికి చేలోకి తోలింది.

తర్వాత వేరే ఊళ్ళ గింజలతో మా పని సాగింది. గింజ చేసే మందు గురించి చాలానే తెలుసుకున్నాం, నాగమ్మకు పనికొచ్చేది ఒక్కటీ లేదు. మీరూ లేత గింజల కోసం అటు వెళ్తే, కార్తీకంలో వాన పడిందా అని బస్సు దిగగానే కనుక్కోండి. పడలేదంటే చేల దాకా వెళ్ళకండి. చదువుకున్నవాళ్ళు కనబడితే అక్కడి రైతులు కాయ ఊరుతుందా అని అడుగుతారు, అబద్ధం చెప్పడానికి నోరు రాదు.